డీబీఏ ఇంటర్వ్యూలో ఏం అడగాలి? రీస్టోర్ గురించి అడగండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఎనిమిదేళ్ళుగా డీబీఏగా, అంటే డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌గా చేస్తున్నారు, ఈమధ్యే టీమ్ లీడ్ అయ్యారు. రెండు పోస్టులకు మనుషుల్ని చూడమని మేనేజర్ చెప్పారు. ఇప్పటికి పదకొండు మందితో మాట్లాడారు. అందరూ ఒకే పుస్తకం చదివి వచ్చినట్టు ఒకేలా జవాబులు చెబుతున్నారు. ఎవరు నిజంగా పని చేశారో, ఎవరు బట్టీ పట్టి వచ్చారో తేలడం లేదు. ఉన్న నలభై అయిదు నిమిషాల్లో ఏం అడగాలి? రెండు పోస్టుల్లో ఒకటి ఫ్రెషర్‌కి ఇవ్వొచ్చా అని కూడా అడిగారు.

నేను హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ళకు పైగా డేటాబేస్‌ల మీదే పని చేస్తున్నాను. మొదట ఒరాకిల్, తర్వాత ఎస్‌క్యూఎల్ సర్వర్, ఈ ఏడెనిమిదేళ్ళుగా పోస్ట్‌గ్రెస్ కూడా. ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చోవడం మొదలుపెట్టి పదిహేనేళ్ళు దాటింది. మొదట్లో నేనూ నోట్సు ప్రశ్నలే అడిగాను. గడగడా చెప్పినవాళ్ళని తీసుకున్నాను, తడబడ్డవాళ్ళని పంపించేశాను. అలా తీసుకున్న వాళ్ళలో ఒకాయనకి, చేరిన మూడో నెలలో ఒక డేటాబేస్ రీస్టోర్ చేయాల్సి వస్తే, అంటే బ్యాకప్ కాపీ నుంచి డేటాని తిరిగి తేవాల్సి వస్తే, చేతులు ఆడలేదు. నాలుగేళ్ళ ఎక్స్‌పీరియన్స్‌లో ఒక్కసారి కూడా తన చేత్తో రీస్టోర్ చేయలేదని ఆ రాత్రి తెలిసింది. ఇంటర్వ్యూలో ఆ మాట నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ రాత్రి తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను.

అందరి జవాబులూ ఒకేలా ఎందుకుంటాయో ముందు చెబుతాను. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల, ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో దొరికే నోట్సుల్లో ఎప్పటినుంచో అవే ప్రశ్నలు. క్లస్టర్డ్ ఇండెక్స్‌కీ నాన్‌క్లస్టర్డ్ ఇండెక్స్‌కీ తేడా ఏంటి, డిలీట్‌కీ ట్రంకేట్‌కీ తేడా ఏంటి, ఏసిడ్ అంటే ఏంటి. మనం అవే అడుగుతాం, వాళ్ళు అవే చదువుకుంటారు. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఆ ప్రశ్నల్ని పూర్తిగా పారేయనక్కర్లేదు కూడా, ఇంకొక్క అడుగు లోపలికి వెళ్తే చాలు. ఉదాహరణకి, ట్రంకేట్ చేస్తే (టేబుల్ మొత్తం ఒకేసారి ఖాళీ చేస్తే) రోల్‌బ్యాక్ అవదని, అంటే వెనక్కి తీసుకోలేమని, చాలా నోట్సుల్లో ఉంటుంది. ఒరాకిల్‌లో అది నిజమే. అక్కడ ట్రంకేట్ డీడీఎల్ (టేబుళ్ళ నిర్మాణాన్ని మార్చే కమాండ్లు) కిందికి వస్తుంది, దానంతట అదే కమిట్ అయిపోతుంది, అంటే ఖాయమైపోతుంది. కానీ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో గానీ పోస్ట్‌గ్రెస్‌లో గానీ ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, అందులో ట్రంకేట్ చేసి, రోల్‌బ్యాక్ కొడితే రికార్డులన్నీ తిరిగొస్తాయి. కాబట్టి జవాబు విన్నాక "మీరు ఎప్పుడైనా చేసి చూశారా?" అని అడగండి. "లేదండీ, చదివిందే చెప్పాను" అన్నవాళ్ళకి నేను మార్కులు వేస్తాను. చేయకుండానే చేశానని గట్టిగా వాదించేవాళ్ళతో ప్రొడక్షన్‌లో ప్రమాదం.

ఇక నేను అందరికీ అడిగే ప్రశ్న. నలభై అయిదు నిమిషాల్లో పాతిక నిమిషాలు దీనికే ఇస్తాను. బోర్డు మీద మూడు టైములు రాస్తాను. రాత్రి 1:00, మధ్యాహ్నం 2:40, 3:05. తర్వాత ఇలా చెబుతాను: "రాత్రి ఒంటిగంటకి ఫుల్ బ్యాకప్ అయింది. అప్పటినుంచి ప్రతి పదిహేను నిమిషాలకీ లాగ్ బ్యాకప్ (జరిగిన మార్పుల చిట్టా కాపీ) అవుతోంది. రెండు నలభైకి ఒక డెవలపర్ ఆర్డర్ల టేబుల్ మీద వేర్ కండిషన్ (ఏ రికార్డులో చెప్పే షరతు) లేకుండా డిలీట్ కొట్టాడు. ఇప్పుడు టైమ్ మూడూ అయిదు. ఫోన్ మీకొచ్చింది. ఏం చేస్తారు?"

బట్టీ పట్టినవాళ్ళు "పాయింట్ ఇన్ టైమ్ రికవరీ చేస్తానండీ" (ఫలానా క్షణం దాకా ఉన్న డేటాని తిరిగి తేవడం) అని ఆగిపోతారు. పని చేసినవాళ్ళు మనల్నే ఎదురు ప్రశ్నలు అడుగుతారు. అప్లికేషన్ ఇంకా నడుస్తోందా? రెండు నలభై తర్వాత కొత్త ఆర్డర్లు వచ్చాయా? కాస్కేడ్ (ఒక టేబుల్‌లో తీస్తే ముడిపడ్డ టేబుళ్ళలోనూ పోయే ఏర్పాటు) ఉందా, ఆర్డర్లతో పాటు ఇంకే టేబుళ్ళలో రికార్డులు పోయాయి? సరిగ్గా రెండు నలభై అని ఎవరు చెప్పారు? ఈ చివరి ప్రశ్న వినగానే నాకు సగం నమ్మకం కుదురుతుంది. ఎందుకంటే ఫోన్లో చెప్పే టైమ్ ఎప్పుడూ ఉజ్జాయింపుగానే ఉంటుంది, ఆ అనుభవం ఉన్నవాళ్ళకే ఆ అనుమానం వస్తుంది.

చాలామంది తప్పు చేసే చోటు ఇక్కడే. నడుస్తున్న డేటాబేస్ మీదే రీస్టోర్ చేసేస్తానంటారు. అలా చేస్తే రెండు నలభై నుంచి మూడూ అయిదు దాకా కస్టమర్లు పెట్టిన ఆర్డర్లన్నీ పోతాయి, ఒక నష్టం కాస్తా రెండు అవుతుంది. సరైన దారి పక్కన వేరే పేరుతో రీస్టోర్ చేయడం. ఫుల్ బ్యాకప్‌ని నో రికవరీతో (ఇంకా లాగ్‌లు వేయాల్సి ఉందని చెప్పే ఆప్షన్) వేసి, లాగ్ బ్యాకప్‌లు వరసగా వేసి, చివరిదాన్ని డిలీట్‌కి కాస్త ముందు స్టాప్ యాట్ (ఏ టైమ్‌కి ఆగాలో చెప్పే ఆప్షన్) పెట్టి ఆపి, అక్కడినుంచి పోయిన రికార్డుల్ని అసలు టేబుల్‌లోకి తెచ్చుకోవాలి. ఒకమ్మాయి ఈ ప్రశ్నకి బోర్డు దగ్గరికి వచ్చి, మార్కర్ తీసుకుని 2:30, 2:45, 3:00 అని రాసింది. "రెండు నలభై అయిదు లాగ్ బ్యాకప్‌లో ఆ డిలీట్ ఉంటుంది సార్, ఆ ఫైల్ దాకా ఉంటే చాలు, తర్వాతవి నాకు అక్కర్లేదు" అంది. నేను పెట్టిన లెక్కలో ఆ సంగతి దాగుందని అంతకుముందు వచ్చిన వాళ్ళెవరూ గమనించలేదు. తెచ్చిన రికార్డుల్ని లోపల వేసేటప్పుడు ఐడెంటిటీ కాలమ్ (నంబర్లు దానంతట అదే ఇచ్చే కాలమ్) సంగతేంటి, ట్రిగ్గర్లు (రికార్డు చేరగానే వాటంతట అవే నడిచే కోడ్) మళ్ళీ నడిచి కస్టమర్లకి రెండోసారి మెసేజీలు వెళ్ళవా అని కూడా తనే ఎత్తింది. ఇలాంటివి నోట్సుల్లో దొరకవు.

ఒరాకిల్ మనిషైతే ఇదే ప్రశ్నకి మొదట ఫ్లాష్‌బ్యాక్ క్వెరీ పేరు రావాలి. 2:39కి టేబుల్ ఎలా ఉందో సెలెక్ట్‌తో చూసి, ఆ రికార్డుల్ని వెంటనే వేరే టేబుల్‌లోకి తీసిపెట్టుకోవచ్చు. అది అండూ (మార్పుకి ముందున్న పాత డేటా) మీద ఆధారపడుతుంది. అండూ రిటెన్షన్ డిఫాల్ట్ 900 సెకన్లు, అంటే పదిహేను నిమిషాలే. అప్పటికే పాతిక నిమిషాలయింది. అండూ టేబుల్‌స్పేస్‌లో చోటుంటే ఇంకా మిగిలి ఉండొచ్చు, లేకపోతే స్నాప్‌షాట్ టూ ఓల్డ్ అని ఎర్రర్ వస్తుంది. "ముందు అది కొట్టి చూస్తానండీ, ఆలస్యం చేసేకొద్దీ పోతుంది, రాకపోతే అప్పుడు ఆర్‌మాన్ (ఒరాకిల్ బ్యాకప్, రీస్టోర్ టూల్)" అని ఎవరైనా అంటే ఆ మనిషి ఆ టెన్షన్ అనుభవించినవాడే.

పోస్ట్‌గ్రెస్ వాళ్ళని ఇంకో రకంగా అడుగుతాను. "మీ దగ్గర రాత్రి తీసిన పీజీ డంప్ (ఆ క్షణానికి ఉన్న డేటా కాపీ) ఒక్కటే ఉంది, వాల్ ఆర్కైవ్ (తర్వాతి మార్పుల లాగ్) లేదు. ఇప్పుడు?" నిజమైన జవాబు ఒక్కటే: ఒంటిగంట తర్వాత వచ్చిన ఆర్డర్లు బ్యాకప్ నుంచి రావు. ఆ మాట మేనేజర్‌కి ఎలా చెబుతారో చూడండి. కొందరు చెప్పలేక ఏవేవో కమాండ్ల పేర్లు వల్లిస్తారు. "పోయిందండీ, అప్లికేషన్ లాగుల్లోంచి, కస్టమర్లకి పంపిన ఈమెయిళ్ళలోంచి ఎంత తిరిగి కూర్చుకోవచ్చో చూద్దాం" అన్న ఒకాయన్ని ఆ రోజే ఖాయం చేసుకున్నాం.

రీస్టోర్ మీద నాకింత పట్టుదల ఎందుకో చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట నేను పని చేసిన ఒక చోట రోజూ ఉదయం బ్యాకప్ రిపోర్ట్ చూసేవాణ్ణి. ఎనిమిది నెలలు ప్రతిరోజూ సక్సెస్ అనే ఉంది. ఒకరోజు డిస్క్ పోయింది. బ్యాకప్ ఫైల్ తీసి రీస్టోర్ పెడితే సగంలో ఆగిపోయింది. అంతకుముందు రోజుదీ అంతే, దానికి ముందుదీ అంతే. బ్యాకప్ సర్వర్ స్టోరేజీ పాడై, అందులో రాసిన ఫైళ్ళు అన్నీ చెడిపోయి ఉన్నాయి. ఎనిమిది నెలల్లో ఒక్క ఫైల్ కూడా తెరిచి చూడలేదు నేను. డెవలపర్ ఒకతను టెస్టింగ్ కోసం పదకొండు రోజుల కిందట తన మెషీన్‌లోకి కాపీ తీసుకున్నాడు, దానితో బయటపడ్డాం. పదకొండు రోజుల ఎంట్రీలు అకౌంట్స్ వాళ్ళు కాగితాలు చూసి మళ్ళీ కొట్టారు. వాళ్ళు రాత్రుళ్ళు కూర్చుని కొట్టడం నా కళ్ళతో చూశాను.

పేరున్న కంపెనీలకూ ఇది జరిగింది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో (ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సర్వీస్) ఒక ఇంజనీర్ సెకండరీ (రెండో కాపీ ఉండే) సర్వర్‌లో డేటా డైరెక్టరీ తీసేయబోయి ప్రైమరీలో, అంటే అసలు సర్వర్‌లో తీసేశాడు. ఒకటి రెండు సెకన్లలో ఆపేశాడు, కానీ అప్పటికే దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది. బ్యాకప్ చూస్తే అసలు లేదు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, డంప్ తీసే ప్రోగ్రామ్ 9.2ది, అందుకని రోజూ ఫెయిల్ అవుతూ వచ్చింది. ఫెయిల్ అయినట్టు వెళ్ళాల్సిన ఈమెయిళ్ళేమో మెయిల్ సర్వర్ దగ్గరే తిరస్కరణకి గురయ్యాయి. ఆరు గంటల ముందు టెస్టింగ్ అవసరానికి చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి తేరుకున్నారు. జరిగిందంతా వాళ్ళే దాచకుండా రాసి బయటపెట్టారు, అందుకు వాళ్ళంటే నాకు గౌరవం. ఈ కథని మూడు వాక్యాల్లో చెప్పి "మీరక్కడ ఉంటే ముందే ఏం పెట్టుకునేవారు?" అని అడగండి. సీనియర్ పోస్టుకి ఇది చక్కగా పనికొస్తుంది. బ్యాకప్ ఫెయిల్ అయిందని చెప్పే అలర్ట్ మీద మాత్రమే ఆధారపడకూడదని, బ్యాకప్ వచ్చిందో లేదో, సైజు ఎంతుందో వేరే చోటినుంచి చూడాలని చెప్పేవాళ్ళు దొరుకుతారు.

ఇక భాష సంగతి. దీని గురించి గట్టిగా చెప్పాలనుంది. కొన్నేళ్ళ కిందట ఒక జిల్లా ఆసుపత్రిలో సిస్టమ్స్ చూసుకునే కుర్రాడు మా దగ్గరికి ఇంటర్వ్యూకి వచ్చాడు. ఇంగ్లిష్ తడబడుతున్నాడు. క్లస్టరింగ్ (ఒక సర్వర్ పోతే ఇంకోటి అందుకునే ఏర్పాటు) తెలీదు, రెప్లికేషన్ (డేటాని వేరే సర్వర్‌లోకి కాపీ చేస్తూ ఉండటం) తెలీదు. పక్కనున్న ప్యానెల్ మెంబర్ అప్పటికే ల్యాప్‌టాప్ మూసేశారు. నేను "తెలుగులో చెప్పండి, పర్లేదు. అక్కడ మీరు రోజూ ఏం చేస్తారు?" అన్నాను. నీళ్ళు తాగి మొదలుపెట్టాడు. వాళ్ళది ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్, ఉచితంగా వచ్చేది. అందులో ఏజెంట్ ఉండదు, జాబులు షెడ్యూల్ చేయడం కుదరదు. అందుకని బ్యాచ్ ఫైల్ రాసి విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాడు. డేటాబేస్ అప్పట్లో ఉన్న 10 జీబీ లిమిట్ దగ్గర పడుతోందని ముందే చూసుకుని, పాత ఎక్స్‌రే రిపోర్టుల స్కాన్‌లు టేబుల్‌లోంచి తీసి ఫోల్డర్‌లోకి మార్చాడు. "మరి బ్యాకప్ పని చేస్తుందని మీకెలా తెలుసు?" అని అడిగాను. ప్రతి ఆదివారం రిసెప్షన్‌లో పక్కన పెట్టేసిన పాత కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి, శనివారం బిల్లుల మొత్తం క్యాష్ కౌంటర్ పుస్తకంతో సరిపోయిందో లేదో చూస్తాడట. అలా చేయమని ఎవరు చెప్పారంటే, "ఎవరూ చెప్పలేదండీ, భయమేసి" అన్నాడు. అతన్ని తీసుకున్నాం. క్లస్టరింగ్ ఆరు నెలల్లో నేర్చుకున్నాడు. ఆ భయం మాత్రం నేను ఎవరికీ నేర్పగలిగింది కాదు.

కాబట్టి క్లయింట్‌తో మాట్లాడే ఉద్యోగమైనా సరే, సాంకేతిక భాగం అభ్యర్థికి వచ్చిన భాషలో అడగండి. ఇంగ్లిష్‌కి కావాలంటే చివర్లో పది నిమిషాలు విడిగా పెట్టుకోండి. రెండూ కలిపి చూస్తే ఏది తెలీక ఆగుతున్నాడో మీకు తేలదు.

మిగిలిన సమయంలో రెండు చిన్న ప్రశ్నలు. ఎస్‌క్యూఎల్ సర్వర్ వాళ్ళకి: "డేటాబేస్ 40 జీబీ, లాగ్ ఫైల్ 200 జీబీ. రోజూ ఫుల్ బ్యాకప్ అవుతోంది. అయినా లాగ్ ఎందుకు పెరుగుతోంది?" ష్రింక్ చేస్తానని (ఫైల్ సైజు కుదిస్తానని) వెంటనే అనేవాళ్ళే ఎక్కువ. ఫుల్ రికవరీ మోడల్‌లో ఫుల్ బ్యాకప్ ఎన్నిసార్లు తీసినా లాగ్ ఖాళీ అవదు, లాగ్ బ్యాకప్ తీస్తేనే అవుతుంది. అదీ తీస్తున్నా పెరుగుతోందంటే ఎప్పుడో మొదలై ముగియని ట్రాన్సాక్షన్ ఉందేమో, రెప్లికా (వేరే సర్వర్‌లోని కాపీ) వెనకబడిందేమో చూడాలి. కారణం ఏమిటో సిస్ డేటాబేసెస్ వ్యూలో ఒక కాలమ్ తనే చెబుతుంది. దాని పేరు గుర్తులేకపోయినా "ఒక కాలమ్ ఉంటుందండీ, అందులో చూస్తాను" అంటే నాకు చాలు.

రెండోది క్వెరీ. కాగితం మీద రెండు టేబుళ్ళు గీస్తాను, చిట్టీ సభ్యులు, ఈ నెల కట్టినవాళ్ళు. ఈ నెల కట్టనివాళ్ళ పేర్లు కావాలి. చాలామంది నాట్ ఇన్ (రెండో జాబితాలో లేనివాళ్ళని ఇవ్వమనే షరతు) పెట్టి రాస్తారు, తప్పేం కాదు. అప్పుడు రెండో టేబుల్‌లో ఒక రికార్డు కలుపుతాను, ఎవరో డబ్బు కట్టారు గానీ సభ్యుడి నంబర్ రాయలేదు, అక్కడ నల్ (విలువ తెలీదని చెప్పే ఖాళీ) ఉంది. "ఇప్పుడు మీ క్వెరీ ఏమిస్తుంది?" ఒక్క పేరు కూడా రాదు. అందరూ కట్టేసినట్టు కనిపిస్తుంది. ఆ నంబర్ లేని డబ్బు ఎవరిదో తెలీదు కాబట్టి, ఫలానా సభ్యుడు కట్టలేదని డేటాబేస్ ఖాయంగా చెప్పలేదు, అందుకే ఎవర్నీ చూపించదు. ఈ సంగతి ముందే తెలిసి ఉండాలని లేదు. విన్నాక కాగితం వైపు చూస్తూ తనంతట తను ఆ దారిలో ఆలోచిస్తున్నాడా, వెంటనే నాట్ ఎగ్జిస్ట్స్‌కి (అలాంటి రికార్డు లేదా అని చూసే షరతుకి) మారుస్తున్నాడా అన్నదే చూస్తాను.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూల్లో ఒకరి బదులు ఇంకొకరు మాట్లాడటం, పక్కన ఏఐ టూల్ పెట్టుకుని చదవడం, లేని ఎక్స్‌పీరియన్స్ రెజ్యూమేలో పెట్టడం, ఇవన్నీ మీరూ చూసే ఉంటారు. నేను పట్టుకోవాలని వలలు వేయను. స్క్రీన్ షేర్ చేయించి, ఖాళీ డేటాబేస్ ఒకటి ఇచ్చి, రెండు క్వెరీలు రాయిస్తాను. రీస్టోర్ కథలో వాళ్ళు చెప్పిన మాటలోంచే తర్వాతి ప్రశ్న తీస్తాను. "ఆ రీస్టోర్‌కి ఎంతసేపు పట్టింది? అంతసేపూ మీరేం చేశారు? మీ పక్కన ఎవరున్నారు?" జరగనిదానికి ఇవి చెప్పడం కష్టం. ఇంకో మాట కూడా అనాలి. ఫ్రెషర్‌కి తలుపు తీసే కంపెనీలు తక్కువ, అందుకే అప్పు చేసి మరీ దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు కొనుక్కుంటున్నారు పిల్లలు. అబద్ధం తేలినవాళ్ళని తీసుకోమని నేను చెప్పను. కానీ ఆ గదిలో వాళ్ళని అవమానించొద్దు, మర్యాదగా ముగించండి.

అందరికీ అదే రీస్టోర్ ప్రశ్న అదే వరసలో అడగండి, లేకపోతే ఎవర్ని ఎవరితో పోల్చాలో తెలీదు. అభ్యర్థి బయటికి వెళ్ళగానే, ప్యానెల్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే, ఎవరి అభిప్రాయం వాళ్ళు రాసి పెట్టుకోండి. సీనియర్ నోరు విప్పాక మిగతావాళ్ళ అభిప్రాయం మారిపోవడం నేను చాలాసార్లు చూశాను. కుదరదనుకున్నా సరే, వచ్చిన ప్రతి ఒక్కరికీ వారంలోపు ఆ మాట చెప్పించండి. వాళ్ళు సెలవు పెట్టుకుని వచ్చి ఉంటారు, తొంభై రోజుల నోటీస్ పీరియడ్ లెక్కలు వేసుకుంటూ ఉంటారు.

ఇక ఫ్రెషర్ సంగతి. ఇవ్వొచ్చు, తప్పకుండా ఇవ్వండి, కానీ పక్కన కూర్చుని నేర్పే మనిషి మీ టీమ్‌లో ఉంటేనే. మా దగ్గర కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి మూడు నెలలు ప్రొడక్షన్‌లో చూసే అనుమతి మాత్రమే ఉంటుంది. ప్రతి సోమవారం ఉదయం నేను ఒక డేటాబేస్ పేరు చెబుతాను. వాళ్ళు దాని బ్యాకప్ ఎక్కడుందో వెతికి, టెస్ట్ సర్వర్‌లో రీస్టోర్ చేసి, ఎన్ని నిమిషాలు పట్టిందో, చివరి రికార్డు ఏ టైమ్‌దో ఒక పేజీలో రాసి సాయంత్రంలోగా పంపాలి. పన్నెండు వారాలు, పన్నెండు పేజీలు. అందులో రెండుసార్లు మాకే తెలీని బ్యాకప్ లోపాలు ఆ పిల్లలే పట్టుకున్నారు.